చిత్రానికి పునాది

ఉత్తమ చిత్రానికి చిత్రకారుని ప్రతిభ ఒక్కటే చాలునని, పలక, జిగురు, నూనెల సంగతి కేవలం పనివారి వ్యవహారమని విద్యావంతులలో ఒక భావం పాతుకొని ఉన్నది. దీనితో మేము ఏకీభవించలేము. 15, 16 శతాబ్దాల ఐరోపా చిత్రకళా చరిత్రే మా పక్షాన సాక్ష్యం చెబుతున్నది.

నాటి చిత్రాలు పెక్కు కొయ్యపలకలపై రచింపబడినవి. ఫ్లాండర్స్‌లో ఓక్, ఇటలీలో పాప్లర్ కలపను విరివిగా వాడేవారు. కొయ్య తేమకు ఉబ్బుతుంది, పొడిగాలికి కుంచించుకొంటుంది. ఆ కదలికకు పైనున్న రంగు పగులుతుంది. అందువల్ల బాగా ఆరిన పలకలను ఎన్నుకొని, జంతుచర్మపు జిగురు పట్టించి, జిగురుతో కలిపిన సుద్దను, ఇటలీలోనైతే జిప్సమ్‌ను, పలుమార్లు పూసి దంతంవలె నునుపు చేసేవారు. అటుపిమ్మటనే అవిసెనూనెతో నూరిన రంగులు. ఈ నూనె నీటివలె ఆవిరి కాదు. గాలిలోని ప్రాణవాయువును గ్రహించి నెమ్మదిగా గట్టి పొరగా మారుతుంది. పారదర్శకమైన పలుచని పొరలు ఒకదానిపై ఒకటి వేయగా, వెలుతురు వాటిని దాటి, అడుగునున్న తెల్లని పూతను తాకి తిరిగి వస్తుంది. 1432లో పూర్తయిన గెంట్ చర్చి చిత్రఫలకాలలో వాన్ ఐక్ సోదరులు చూపిన కాంతికి మూలం ఇదే. ఇక శ్రేష్ఠమైన నీలవర్ణం ఆఫ్ఘనిస్తాన్‌లోని బదఖ్షాన్ గనుల రాతినుండి లభించేది. తెలుగువారి రాజావర్తం, ఉర్దూవారి లాజవర్ద్ ఆ రాయే.

ప్రతిభ ఒక్కటే చాలదనడానికి లియొనార్డో డావిన్సీయే నిదర్శనం. మిలాన్‌లో 1495-98 నడుమ ఆయన 'చివరి విందు'ను తడి సున్నంపై కాక, పొడిగోడపై రచించాడు. ఆయన జీవితకాలంలోనే అది పెచ్చులూడసాగింది. సుమారు 1503లో పాప్లర్ పలకపై ఆరంభించిన 'మోనాలిసా' మాత్రం, పలక కొంత వంగినా, పైభాగాన చీలిక ఉన్నా, నేటికీ నిలిచి ఉన్నది. చేయి ఒక్కటే, ఆధారం వేరు.

మంచి పలక దొరికినంత మాత్రాన అందరూ లియొనార్డోలు కాగలరా అని కొందరు అడుగవచ్చు. కాలేరు; నిజమే. కాని ఆధారం చెడితే లియొనార్డో కృతికైనా రక్షణ లేదు. కనుక చేతిపనిని చదువుకంటె తక్కువగా చూడవద్దని విద్యార్థి మిత్రులను కోరుతున్నాము. చిత్రలేఖనం నేర్పే చోట రంగు నూరడం, పలక సిద్ధపరచడం కూడా నేర్పించవలెనని కళాశాల పాలకవర్గానికి మా మనవి. కంటికి కనిపించని పూతే కనిపించే వర్ణాన్ని కాపాడుతుంది.