తేటగా ఉంటే సరిపోదు

సివిల్ ఫైనలియర్‌లో ఉన్నారా? అయితే గట్టి వాన పడిన మర్నాడు ఏదైనా పెద్ద అపార్ట్‌మెంట్ సైట్ దగ్గరికెళ్లి చూడండి. సెల్లార్ గుంటలో ఎర్రనీళ్లు నిలిచి ఉంటాయి. మోటారు పెట్టి పక్క నాలాలోకి తోడేస్తుంటారు. కాస్త పద్ధతున్న సైటైతే మట్టి అడుక్కి దిగడానికి ఓ గుంట తవ్వి, పైన తేరిన నీటినే వదులుతారు. ‘ఇంకేం, కంట్రోల్ పెట్టాం కదా’ అంటారు. నా పేచీ అక్కడే.

ఆ గుంట ఆపేది మట్టిని. మలం నుంచి వచ్చే ఈ.కోలై లాంటి బ్యాక్టీరియా సన్నటి మట్టి రేణువులకు అతుక్కుని అడుక్కి చేరుతుంది. బురదలోకి ఎండ దిగదు కాబట్టి పైనున్న తేటనీటిలో కంటే అక్కడే ఎక్కువ రోజులు బతుకుతుంది. మళ్లీ పెద్ద వాన పడితే అడుగంతా కలగాపులగమై బయటికొస్తుంది. పూడిక తీయకపోతే ఆ గుంటే బ్యాక్టీరియాకు అడ్డా అయిపోతుంది.

మలం ఎక్కణ్నుంచి వస్తుందంటారా? కుక్కలు, పందులు సరే. లేబర్ షెడ్ల సంగతేంటి? నిర్మాణ కార్మికులకు మరుగుదొడ్లు కట్టాలని 1996 చట్టం 33వ సెక్షన్‌లోనే చెప్పారు. కట్టినా వాననీరు పారే దారిలో కడితే ఏం లాభం? ఆ నీళ్లలో ఆడుకునేది ఆ షెడ్లలో ఉండే పిల్లలే. అమెరికాలో ఈపీఏ నిర్మాణ పర్మిట్ అయితే పోర్టబుల్ టాయిలెట్ ఒరిగిపోకుండా, వాననీటి కాలువలకు దూరంగా ఉండాలని విడిగా రాసి మరీ చెబుతుంది. ఇంత చిన్న విషయానికి మన సైట్లలో డ్రాయింగ్ దశలోనే ఓ గీత గీస్తే పోదూ!

ఆటోక్యాడ్, ప్రైమవెరా కోర్సులు వద్దనను. అవి మీ పక్కనున్న యాభై మంది రెజ్యూమెల్లోనూ ఉంటాయి. ఫైనలియర్ ప్రాజెక్టుకి ఈ గుంటని తీసుకోండి. సైట్‌వాళ్ల అనుమతితో వానకు ముందు, తర్వాత శాంపిల్స్ పట్టండి. లోపలికొచ్చే నీరు, బయటికెళ్లే నీరు, అడుగు కలిపిన నీరు, మూడూ కావాలి. ఒక్కోదానికీ టర్బిడిటీ, ఈ.కోలై చూడండి. ఫలితాన్ని దేనితో పోల్చాలంటే, స్నానపు నీటికి మన దగ్గర 100 మిల్లీలీటర్లలో ఫీకల్ కోలిఫాం గరిష్ఠ పరిమితి 2,500. నీరు తేటపడ్డా కౌంట్ తగ్గలేదనుకోండి, ఇంటర్వ్యూలో చెప్పడానికి మీ సొంత డేటా ఉన్నట్టే.

సీసా స్టెరిలైజ్ చేసిందై ఉండాలి. ఐస్‌లో పెట్టి కొన్ని గంటల్లోనే ల్యాబ్‌కి చేర్చాలి. గ్లవ్స్ మర్చిపోకండి.