పాత ఛాయాచిత్రములోని కొయ్యచట్రపుటిల్లు

ఇంగ్లండు దేశమున స్ట్రాట్‌ఫర్డు పట్టణమునందు, హెన్లీ వీధిలో షేక్స్పియరు కవి జన్మించినదని చెప్పబడు గృహముయొక్క పటమును మన విద్యార్థులు పలువురు చూచియుందురు. చక్కదిద్దబడి ఒంటరిగా నిలిచియున్న నేటి యింటినిగూర్చి కాక, 1850 తరువాతి సంవత్సరములలో తీయబడిన పాత ఛాయాచిత్రములోని యింటినిగూర్చి మేమిచ్చట ముచ్చటింపదలచితిమి.

ఈ కట్టడపురీతి మనకు బొత్తిగా క్రొత్తది కాదు. ఓకు దూలములతో చట్రము నిలిపి, నడిమి ఖాళీలలో తడిక యల్లి, దానిపై మట్టి మెత్తుదురు. మన పల్లెలలో తడికగోడలు కట్టు వారికి ఆ పని నెవ్వరును నేర్పనక్కరలేదు. కవి తండ్రియగు జాన్ షేక్స్పియరు చేతితొడుగులు కుట్టి యమ్మువాడు. నివాసమును పనిశాలయు నతనికి నొక్క కప్పుక్రిందనే యుండెను.

1616లో కవి తన మరణశాసనమున, సోదరియగు జోను జీవించియున్నంతకాలము సాలునకు పండ్రెండు పెన్నీల అద్దెపై ఈ యింటిలో నివసింపవచ్చునని వ్రాయించెను. ఆమె భర్తయు ఆ సంవత్సరముననే గతించెను. ఇల్లు అన నేమియో తెలియుటకు, కవి పుట్టిన గదికన్న ఈ పండ్రెండు పెన్నీల మాటయే మాకు మేలుగా దోచుచున్నది. ఆమె సంతతివారు 1806లో ఇంటిని విక్రయించిరి. ఛాయాచిత్రమున ఒక ప్రక్క కసాయి అంగడియు, మరియొక ప్రక్క ఇటుకముఖముగల పానశాలయు, ఇరుగుపొరుగు ఇండ్ల గోడలును కానవచ్చును.

1847లో ఇల్లు వేలమునకు రాగా, ప్రజలు చందాలు వేసికొని మూడువేల పౌనులకు కొనిరి. అది మిక్కిలి మెచ్చదగిన కార్యము. 1857లో అగ్నిభయముచేత ప్రక్కయిండ్లను కూల్చిరి. కొయ్యయింటికి నిప్పు శత్రువే గావున దీనిని మేము తప్పుపట్టజాలము. కాని పిమ్మట 1769 నాటి యొక చిత్రము ననుసరించి ఇంటిముఖమునే మార్చి, అంగడిని, పానశాల యిటుకలను తొలగించుట మాకు నచ్చలేదు. కవి పిమ్మట రెండున్నర శతాబ్దములు అచ్చట వండుకొని తిని, అమ్ముకొని బ్రదికినవారి గుర్తులవి. చూడవచ్చినవారు వజ్రపుమొనలతో కిటికీ యద్దముపై గీసిన పేర్లను మాత్రము భద్రపరచిరి! వానిలో సర్ వాల్టరు స్కాటుగారి పేరును కలదు. (బల్లలపై పేర్లు చెక్కు మా చిన్నవారు దీనిని సాకుగా గొనకుందురు గాక.)

యాత్రికుల గీతలు నేటికిని అచ్చటనే యున్నవి. పొరుగింటి గోడను చూడగోరువారు పాత ఛాయాచిత్రమునే వెదకికొనవలయును.