భూమితో పాటు నీళ్లూ అడుగుదాం


జనాన్ని ఖాళీ చేయిస్తేనే పక్షులు బతుకుతాయని చెప్పేవాళ్లకి మనం గాయిని గురించి చెప్పాలి.

గాయిని ఆస్ట్రేలియాలో ముర్రంబిడ్జీ నది దిగువన ఉన్న వరద మైదానం. దాదాపు 88 వేల హెక్టార్లు. అక్కడ వాన తక్కువ, నది పొంగితేనే తడి. ఒకప్పుడు సాగు కోసం కట్టలు వేసి, కాలువలు తవ్వి ఆ నీళ్లు మళ్లించారు. 2013లో ప్రభుత్వం ఆ భూములు కొన్నది. ఇప్పుడు అవి అక్కడి ఆదివాసులైన నారి నారి వాళ్ల మండలి చేతిలో ఉన్నాయి. వాళ్ల భాషలో గాయిని అంటే నీళ్లు.

వరద నిలిచిన పొదల్లో కంకణం కొంగలు గుంపులుగా గూళ్లు కడతాయి. పిల్లలకి రెక్కలు రాకముందే నీళ్లు తీస్తే తల్లులు గూళ్లు వదిలేసి పోతాయి. అందుకే అవసరమైనప్పుడు పైనుంచి నీళ్లు వదిలి మట్టం నిలబెట్టాలి. కానీ అలా వదిలే నీటి మీద హక్కు ఎక్కువగా కేంద్ర ప్రభుత్వానిదే. భూమి దక్కినా నీళ్ల తాళం వాళ్ల దగ్గర లేదు.

మనమూ పోడు పట్టా వచ్చిందా లేదా అనే అడుగుతున్నాం. 2006 అటవీ హక్కుల చట్టంలో సెక్షన్ 3(1)(డి) చేపల మీద, నీటి వనరుల్లో దొరికే ఇతర ఉత్పత్తుల మీద సామూహిక హక్కు ఇస్తుంది. 3(1)(ఐ) అయితే సామూహిక అటవీ వనరుల్ని కాపాడుకునే హక్కే ఇస్తుంది. మరి మన గ్రామసభల్లో చెరువు, వాగు పేరు ఎత్తుతున్నామా?

సెలవులకి ఊరెళ్లినప్పుడు పెద్దల్ని కూర్చోబెట్టి ఫారం బి చదివి వినిపిద్దాం. మన చెరువు పేరు అందులో రాయిద్దాం.

జోహార్.