మూడో భాగం ఆడొచ్చా?

ఇంజనీరింగ్ చదివే మావాడు హాల్లో 'ది విచర్ 3' ఆడుతుంటే మొదట్లో విసుక్కున్నాను. 2015లో వచ్చిన పోలండ్ వాళ్ల గేమ్. ఇప్పుడడిగితే ఆడదగ్గదేనంటానండీ, పద్దెనిమిది దాటినవాళ్లయితే. ముందు రెండు భాగాలూ తెలియకపోయినా పర్లేదు. పెంచిన కూతురు సిరిని వెతుక్కుంటూ తిరిగే గెరాల్ట్ కథ ఇది.

దారిలో ఒక బారన్ తగులుతాడు. భార్యా కూతురూ కనబడటం లేదు, వెతికిపెట్టమంటాడు. తీరా చూస్తే వాళ్లు తప్పిపోలేదు, పారిపోయారు. తాగి కొట్టే మొగుడు మరి. కడుపులోనే పోయిన బిడ్డకు పేరైనా పెట్టకుండా పాతేస్తే, అది దయ్యమై తిరుగుతుంటుంది. చిక్కుడుకాయలు ఒలుస్తున్నదాన్ని, చేతులాగిపోయాయి.

వాడు తన గోడు చెప్పుకుంటుంటే జాలేసింది. ఆ జాలి వేసినందుకే నామీద నాకు కోపం. ఏం బదులివ్వాలో ఆడేవాళ్లే ఎంచుకోవాలట. మావాడు చాలాసేపు ఏ బటనూ నొక్కలేదు.