సూది పడింది, కాగితం చెల్లలేదు: వలస పోయేవాళ్ల టీకా లెక్క

చాపాడు, మైదుకూరు, ప్రొద్దుటూరు చుట్టుపక్కల మన ఇళ్లలో కువైట్ మాట వినపడని ఇల్లు తక్కువ. ఎవరో ఒకరు అక్కడ డ్రైవరుగానో, ఇంటి పనికో, దుకాణంలోనో ఉంటారు. పోయేముందు పాస్‌పోర్టు, వీసా, మెడికల్ అని మూడే చూసుకునేవాళ్లు. టీకా కాగితం సంగతి హజ్‌కి పోయే పెద్దవాళ్లకు తప్ప ఎవరికీ పట్టేది కాదు. 2021లో ఆ కాగితమే కొంతమంది జీతాన్ని నెలల తరబడి ఆపేసింది.

ఆ ఏడాది ఏం జరిగిందో ఒకసారి గుర్తు చేసుకుందాం. సెలవుకు వచ్చి ఇక్కడే చిక్కుకుపోయినవాళ్లు పీహెచ్‌సీకి పోయి, ఆ రోజు ఏ మందు ఉంటే అది వేయించుకున్నారు. కొందరికి కోవిషీల్డ్, కొందరికి కోవాగ్జిన్. ఏది కావాలని అడిగే పరిస్థితి ఎక్కడిది? ఇంతలో కువైట్ ఒక ప్రకటన చేసింది. ఆగస్టు 1 నుంచి విదేశీయులు రావచ్చు, కానీ ఫైజర్, ఆస్ట్రాజెనెకా, మోడెర్నా రెండు డోసులు, లేదా జాన్సన్ ఒక డోసు పడి ఉండాలని. ఆ జాబితాలో కోవాగ్జిన్ లేదు. కోవిషీల్డ్ వేసుకున్నవాళ్లకూ నిమ్మళం లేదు. ఇది ఆస్ట్రాజెనెకానే, పేరు మాత్రమే వేరని విడిగా చెప్పుకోవాల్సి వచ్చింది. కోవాగ్జిన్‌ను ప్రపంచ ఆరోగ్య సంస్థ అత్యవసర జాబితాలో చేర్చింది 2021 నవంబర్ 3న. అంటే మూడు నెలల పైమాట. ఆలోపు ఇంకో కంపెనీ సూది వేయించుకుందామంటే కోవిన్‌లో మూడో డోసుకు దారే లేదు. సౌదీలో ఉద్యోగం ఉన్న ఒకాయన కేరళ హైకోర్టు దాకా పోయాడు, ఇంకో టీకా వేయించండి అని.

నేను బీకాం చదివినోణ్ని, కాబట్టి లెక్కలోనే చెప్తాను. సూది ఉచితమే. కానీ మూడు నెలల జీతం పోయింది, అకామా గడువు దగ్గర పడింది, ఇంటి మీద అప్పుకు వడ్డీ పెరిగింది. ఈ ఖర్చు ఏ ప్రభుత్వం పద్దులోనూ కనపడదు, ఎందుకంటే మొత్తం ఇంటి పద్దులోనే పడింది.

మన కేంద్ర ప్రభుత్వం ఏమీ చేయలేదని అనలేం. 2021 జూన్‌లో చదువుకీ ఉద్యోగానికీ విదేశాలకు పోయేవాళ్లకు కోవిషీల్డ్ రెండో డోసు 84 రోజులు ఆగకుండా 28 రోజుల తర్వాతే వేసుకోవచ్చని చెప్పింది. సర్టిఫికెట్‌లో పాస్‌పోర్టు నంబరు వేయమంది. మంచి పనే. కానీ ఎదుటి దేశం ఒప్పుకోవాలి కదా. అదే ఏడాది బ్రిటన్ సంగతి చూడండి. కోవిషీల్డ్‌ను ఒప్పుకున్నాం అన్నారు, అయినా మనవాళ్లు క్వారంటైన్‌లో ఉండాల్సిందే అన్నారు. అక్కడ పేచీ మందుతో కాదు, సర్టిఫికెట్‌తో. మన దేశం కూడా వాళ్లవాళ్ల మీద అదే నిబంధన పెట్టాక, అక్టోబర్‌లో దిగొచ్చారు.

వలస పోయేవాళ్ల టీకా నిబంధనలు ఎక్కడ చూసినా రెండు రకాలు. ఒకటి గుమ్మం దగ్గర నిలబెట్టి కాగితం చూపించు అనేది. రెండోది, లోపలికి వచ్చినాక కాగితం ఉన్నా లేకున్నా సూది వేసేది. మొదటిదాని మీద ఎంత హడావుడి ఉంటుందో, రోగాన్ని ఆపడంలో రెండోది అంత పని చేస్తుందని నా అభిప్రాయం.

గుమ్మం నిబంధనలన్నీ చెడ్డవని కాదు. హజ్ చూడండి. 2000, 2001లో హాజీల మధ్య మెదడు పొర వాపు జ్వరం వ్యాపించి, తిరిగొచ్చినవాళ్లతో చాలా దేశాలకు పాకింది. ఆ తర్వాతే సౌదీ నాలుగు రకాల మెనింజైటిస్‌కు కలిపి ఒకే టీకా తప్పనిసరి చేసింది. అక్కడికి చేరడానికి కనీసం పది రోజుల ముందు వేయించుకోవాలి. మన దేశం నుంచి పోయేవాళ్లకు పోలియో చుక్కలు కూడా వేస్తారు. హజ్ కమిటీ ద్వారా పోయేవాళ్లకు ఈ టీకా క్యాంపులోనే వేసి కార్డు ఇస్తారు. కారణం తెలుసు, తేదీ తెలుసు, మందు చేతికి అందుతుంది. అందుకే ఎవరూ గొడవ పడరు. దీనికి భిన్నంగా 2025 ఫిబ్రవరిలో ఏమైందంటే, ఉమ్రాకు పోయేవాళ్లకూ 10వ తేదీ నుంచి ఆ టీకా తప్పనిసరి అన్నారు, ఆ తేదీ రాకముందే వాపసు తీసుకున్నారు. అప్పటికే డబ్బు పెట్టి వేయించుకున్నవాళ్లు వేయించుకున్నారు. సూది వృథా కాలేదు, కానీ ఆ నాలుగు రోజుల పరుగు ఎవరికి మిగిలింది?

అమెరికాలో పిల్లలున్నవాళ్లకు ఇంకో సంగతి. అక్కడ గ్రీన్ కార్డుకు టీకాలు చూపించాలని 1996లో చట్టం చేశారు. హెచ్1బీకి ఆ నిబంధన వర్తించదు, కానీ యూనివర్సిటీలూ పిల్లల బడులూ వేరుగా అడుగుతాయి. ఈ జాబితా ఎప్పుడూ ఒకేలా ఉండదు. 2008లో అమ్మాయిలకు హెచ్‌పీవీ టీకా చేర్చారు, విమర్శలు వచ్చాక 2009 డిసెంబర్‌లో తీసేశారు. కోవిడ్ టీకా 2021 అక్టోబర్‌లో చేరింది, 2025 జనవరిలో పోయింది. మన పిల్లలకు అక్కడ తగిలే చిక్కు చిన్నదే, కానీ ముందే తెలిస్తే మేలు. మన ప్రభుత్వ టీకాల్లో తట్టు, రుబెల్లా కలిపిన ఎంఆర్ ఉంది. గవదబిళ్లలకూ, ఆటలమ్మకూ లేదు. వాళ్లు అడిగేది గవదబిళ్లలు కూడా కలిసిన ఎంఎంఆర్. అంటే మన ఏఎన్‌ఎం అమ్మ ఒక్క డోసు కూడా తప్పించకుండా వేసినా, అక్కడి ఫారంలో ఖాళీ గడులు మిగులుతాయి. పెద్దవాళ్లకైతే తట్టు, ఆటలమ్మ లాంటి వాటికి రక్తపరీక్షలో రోగనిరోధక శక్తి ఉందని తేలితే మళ్లీ సూది అక్కర్లేదు.

ఇంత పకడ్బందీగా వలసదారుల కాగితాలు చూసే దేశంలో 2025లో టెక్సాస్‌ పడమటి భాగంలో తట్టు 762 మందికి సోకింది. ఇద్దరు బడి పిల్లలు చనిపోయారు, ఇద్దరికీ టీకా లేదు. అది వలస వచ్చినవాళ్లతో వ్యాపించింది కాదు, టీకాలు వద్దనుకున్న స్థానిక కుటుంబాల మధ్య వ్యాపించింది. దానికి ఏడాది ముందు షికాగోలో, కొత్తగా వచ్చినవాళ్లు ఉంటున్న ఒక షెల్టర్‌లో తట్టు వచ్చింది. అక్కడ మూడు రోజుల్లో దాదాపు 880 మందికి సూది వేశారు. కిక్కిరిసిన చోటు అయినా 57 కేసులతో ఆగిపోయింది.

ఇప్పుడు మన వైపు వద్దాం. మనం పోయేవాళ్లమే కాదు, మన దగ్గరికి వచ్చేవాళ్లూ ఉన్నారు. ఎర్రగుంట్ల, జమ్మలమడుగు వైపు సిమెంటు ఫ్యాక్టరీలు, పులివెందుల దగ్గర తుమ్మలపల్లె యురేనియం గని, ప్రొద్దుటూరులో లేచే కట్టడాలు, ఇటుక బట్టీలు. ఇలాంటి పనులకు వేరే జిల్లాల నుంచీ వేరే రాష్ట్రాల నుంచీ కుటుంబాలు వస్తుంటాయి. వాళ్ల పిల్లలను టీకా కాగితం చూపించమని అడిగేవాళ్లు లేరు, సరే. టీకా వేయించారా అని అడిగేవాళ్లు కూడా ఉండకపోతేనే సమస్య. 2022 చివర్లో ముంబై గోవండిలో తట్టు వచ్చి పదిమందికి పైగా పిల్లలు పోయారు. అక్కడుండేది ఎక్కువగా పొట్ట చేతబట్టుకుని వచ్చిన ముస్లిం కుటుంబాలు. చాలామంది పిల్లలకు ఒక్క డోసు కూడా పడలేదు. దానికి కొందరు సమాజాన్ని తప్పుపట్టారు. సూది మీద పుకార్లు నమ్మినవాళ్లు లేరనను, 2017లో ఎంఆర్ టీకా కార్యక్రమం జరిగినప్పుడూ వాట్సాప్‌లో అవే తిరిగాయి. కానీ పొద్దున ఆరింటికి పనికి పోయి చీకటి పడ్డాక వచ్చే తల్లికి, పగటి పూట నడిచే టీకా కేంద్రం ఉండీ లేనట్టే.

మన దేశ నిబంధనలో ఒక మంచి విషయం చాలామందికి తెలియదు. కార్డు లేదని ఏ పిల్లనీ వెనక్కి పంపకూడదు. పుట్టినప్పుడు బీసీజీ వేయకపోతే ఏడాది లోపు వేయవచ్చు. పెంటావాలెంట్ మొదటి డోసు ఏడాది లోపు మొదలుపెట్టాలి, అది దాటితే ఏడేళ్ల దాకా డీపీటీ ఇస్తారు. ఎంఆర్ ఐదేళ్ల దాకా వేస్తారు. ముందే పడిందో లేదో గుర్తులేకపోతే, పడనట్టే లెక్కేసి మళ్లీ మొదలుపెడతారు. ఎంఆర్ ఇంకో డోసు పడితే నష్టం లేదు. సొంత ఊరే కావాలని లేదు, ఏ ఊళ్లో ఉంటే ఆ ఊళ్లోనే వేయించుకోవచ్చు.

ఇందుకోసమే కేంద్రం యూ-విన్ తెచ్చింది. 2023 జనవరిలో ప్రయోగంగా మొదలై, తర్వాత దేశమంతటికీ విస్తరించింది. పిల్లకు పడిన ప్రతి డోసూ ఫోన్ నంబరు మీద నమోదవుతుంది, క్యూఆర్ ఉన్న సర్టిఫికెట్ వస్తుంది. ఆలోచన బాగుంది. కానీ వలస వచ్చినవాళ్లకు ముందుగా మారేది సిమ్మే. ఒడిశాలో ఒక నంబరు, ఇక్కడ ఇంకో నంబరు అయితే పాత లెక్క ఎవరికి దొరుకుతుంది? కువైట్ నుంచి తిరిగొచ్చిన మన ఇళ్లకూ ఇదే చిక్కు. అక్కడ పుట్టిన పిల్లకు అక్కడ పడిన టీకాలు అరబీ, ఇంగ్లీషు కార్డులో ఉంటాయి. వాటిని ఇక్కడి మాతా శిశు కార్డులోకి ఎక్కించుకోవాలని చాలామందికి తోచదు.

కాబట్టి పోయేవాళ్లు చేయగలిగినవి కొన్నే, కానీ ఉన్నాయి. పిల్లల కార్డు రెండు వైపులా ఫొటో తీసి ఇంట్లో ఇద్దరి ఫోన్లలో పెట్టుకోండి. కార్డులో పేరు, పాస్‌పోర్టులో పేరు ఒకేలా ఉన్నాయా చూడండి. షేక్ ముందుందా వెనకుందా అనేది కూడా విమానం ఎక్కేటప్పుడు ప్రశ్నే అవుతుంది. వీసా వచ్చాక కాదు, మెడికల్‌కు పోయేముందే ఆ దేశం ఏ టీకాలు అడుగుతుందో ఏజెంటుతో రాయించుకోండి.

మిగతాది అధికారుల చేతిలో ఉంది. బట్టీ యజమాని, కాంట్రాక్టర్ కూలీల లెక్క రాసుకుంటారు కదా, ఆ లెక్కలో ఐదేళ్లలోపు పిల్లలు ఎంతమందో కూడా సచివాలయం ఏఎన్‌ఎంకు చెప్పమనాలి. మాట్లాడటానికి హిందీ, ఉర్దూ వచ్చిన మన అమ్మాయిలు ప్రతి ఊళ్లో ఉన్నారు, ఆశా కార్యకర్త వెంట ఒకరు పోతే చాలు. బుధ, శనివారాల్లో పీహెచ్‌సీలో వేసే సూది, నెలకొకసారైనా పని దిగే వేళకు బట్టీ దగ్గరికే రావాలి.