గ్రామ దేవాలయము ఎవరి సొత్తు?

ఇంగ్లండు గ్రామములందలి ప్రాచీన దేవాలయముల పటములను చూచిన విద్యార్థులు, వాటిని ఆదినుండియు సంఘస్థులే చందాలెత్తి కట్టుకొనిరని తలంతురు. చరిత్ర యట్లు చెప్పుటలేదు. మొదట విశాలమైన ప్రదేశమున కొక్క పెద్ద దేవాలయ ముండెడిది. అందలి గురువులు చుట్టుపట్ల పల్లెలకు పరిచర్య చేయుచుండిరి. 10, 11 శతాబ్దములలో భూస్వాములు తమ యిండ్ల చెంత చిన్న దేవాలయములను కట్టించిరి. కట్టించినవాడే యజమానుడు. పిండిమరవలె దేవాలయమును అమ్మవచ్చును, వారసులు పంచుకొనవచ్చును. 1086లో వ్రాయబడిన డూమ్స్‌డే లెక్కలలో సగము దేవాలయము, పాతిక దేవాలయము అను వాటాలు సయితము కలవు.

ఈ యాజమాన్యము కేవలము దోషమని మేము చెప్పము. యార్కుషైరులోని కిర్క్‌డేల్ యందొక నీడగడియారపు శాసనము నేటికిని నిలిచియున్నది. గామలు కుమారుడగు ఓర్ము, శిథిలమై కూలిన సెయింట్ గ్రెగొరీ దేవాలయమును కొని, పునాదినుండి మరల కట్టించెనని యది తెలుపుచున్నది. ఇది 1055–1065 సంవత్సరముల నడిమి మాట. కొన్నవాడే బాగుచేయించెను.

చిక్కంతయు హక్కు భారమునుండి విడిపోయినప్పుడే కలిగెను. గృహస్థులు దేవాలయములను తమ స్వాధీనమం దుంచుకొనరాదని 1139 నాటి లాటరన్ మహాసభ శాసించెను. ఇంగ్లండులో భూస్వామికి గురువును బిషప్పు నెదుట ప్రతిపాదించు హక్కు మాత్రము మిగిలెను. అదియు ఆస్తివలెనే చేతులు మారుచుండెను. అనేక దేవాలయములు మఠములకు దానమీయబడెను. ధాన్యపు దశమభాగములు మఠమునకు పోగా, గ్రామమున పనిచేయు గురువునకు స్వల్పభాగమే దక్కుచుండెను. అతనికి చాలినంత జీవనమీయవలెనని 1215లో మరియొక లాటరన్ మహాసభ నిర్ణయింపవలసివచ్చెను.

13వ శతాబ్దమునుండి బలిపీఠమున్న భాగమును దశమభాగము గైకొనువారును, సంఘము కూడు భాగమును గ్రామస్థులును బాగుచేయించు పద్ధతి స్థిరపడెను. 1536–1540లో మఠములు రద్దుకాగా ఆ హక్కులు పెక్కు గృహస్థుల పాలయ్యెను. బాధ్యతయు వెంటనే పోయెను. ఆస్టన్ కాంట్లో గ్రామపు వ్యాజ్యెములో 2003లో లార్డ్సు సభ, అట్టి భూమి గలవారు మరమ్మతు వ్యయ మీయవలసినదే యని తీర్పు చెప్పెను.

కాబట్టి మా యభిప్రాయ మిది: పత్రమునుబట్టి దేవాలయ మెవరిదైనను కావచ్చును; దాని కప్పు కారకుండ కాపాడువారే దానికి నిజమైన హక్కుదారులు. పత్రములు పలుమారులు చేతులు మారెను. సంఘము కూడు భాగమును కాపాడిన గ్రామస్థులు మాత్రము తరతరములుగ అక్కడనే యుండిరి.

విద్యార్థులారా, మన దేశమునను మిషనువారు కట్టించిన దేవాలయము లనేకములు నేడు మన సంఘముల చేతిలో నున్నవి. అవి మనవని చెప్పుకొనుటకు ముందు, వాటి గోడల సున్నమునకు మనమేమి యిచ్చితిమో లెక్కచూచుకొందము.