‘ఒకప్పుడు’ రాయలేని కీబోర్డ్

మొన్న చేత్తో ఒక కీబోర్డ్ చేసుకున్నాను. సన్నటిది, రెండు ముక్కలది, మొత్తం 42 మీటలు. డిజైన్ నాది కాదు. ‘కోర్నె’ అని, జపాన్ డిజైనర్ ఒకరు అందరికీ ఓపెన్‌గా ఇచ్చేసింది. ఎత్తు తక్కువగా ఉండే కైల్ చాక్ స్విచ్‌లు తెప్పించి, కోఠీ గుజరాతీ గల్లీలో సోల్డరింగ్ ఐరన్ కొన్నాను. మీటకో డయోడ్ చొప్పున 42 డయోడ్లు. వాటిలో ఒకటి తిరగేసి అతికించాను, ఆ మీట పలకలేదు. అదేదో కనుక్కోడానికి ఒక ఆదివారం పోయింది.

ఇంగ్లీషు బ్రహ్మాండంగా పడుతోంది. సరే అని తెలుగు ఇన్‌స్క్రిప్ట్‌కి మార్చి ‘ఒకప్పుడు’ అని కొట్టాను. తెర మీద ‘కప్పు’ అని వచ్చింది.

కారణం సింపుల్. ఇన్‌స్క్రిప్ట్‌లో ‘ఒ’ ఉండేది ఎడమ పైమూల మీటలో. ‘డ’ ఉండేది ‘పి’ పక్కనున్న బ్రాకెట్ మీటలో. ఈ రెండూ నా కీబోర్డ్‌లో లేవు. ‘డ’ ఉండాల్సిన చోట బ్యాక్‌స్పేస్ ఉంది. చిన్న కీబోర్డ్‌ల ప్రపంచంలో వీటిని ‘అనవసరమైన మీటలు’ అంటారు. ఎవరికి అనవసరం? 26 అక్షరాలతో పని జరిగిపోయేవాళ్లకి. వాళ్ల మినిమలిజంలో ముందు ఎగిరిపోయేవి ‘కొడుకు’లో ‘కొ’, ‘డు’!

తప్పు ఆ జపాన్ ఆయనది కాదు. తన చేతులకి తగ్గట్టు తను చేసుకున్నాడు. నా గొడవ మనతోనే. మా సాహిత్య మిత్రుల వాట్సాప్ గ్రూపులో అడిగాను, ఇన్‌స్క్రిప్ట్ ఎవరైనా వాడతారా అని. ఒక్కరూ లేరు. మూణ్ణెల్ల క్రితం దాకా నేనూ లేను. భాష చచ్చిపోతోందని వ్యాసాలు రాస్తాం. ఆ వ్యాసాన్ని కూడా మనసులో ఇంగ్లీషు స్పెల్లింగ్ కట్టుకుంటూ కొడతాం.

ఇన్‌స్క్రిప్ట్ కొత్తదేం కాదు. 1986లోనే కేంద్ర ప్రభుత్వం ఖరారు చేసింది, 1991లో భారతీయ ప్రమాణాల్లోకి ఎక్కింది. అచ్చులు, గుణింతాలు ఎడమచేతికి, హల్లులు చాలావరకు కుడిచేతికి. ‘క’ మీద షిఫ్ట్ కొడితే ‘ఖ’, ‘గ’ మీద కొడితే ‘ఘ’. అదే మీట హిందీలోనూ కన్నడంలోనూ ‘క’యే. మన వర్ణమాల తర్కం అందులో ఉంది. విండోస్‌లో, లినక్స్‌లో ఉచితంగా పడి ఉంది.

‘లేఖిని లేకపోతే నెట్‌లో తెలుగే లేదు, కృతజ్ఞత ఉండక్కర్లా?’ అన్నాడో మిత్రుడు. ఉంది. నా మొదటి బ్లాగు పోస్టు లేఖినిలో కొట్టిందే. ఏరు దాటాక తెప్ప తగలేసే రకం కాదు నేను. కానీ ఏరు దాటాక కూడా తెప్పలోనే కూర్చుంటే ఎట్లా?

ఇన్‌స్క్రిప్ట్‌తో స్పీడు పెరుగుతుందని కూడా చెప్పను. ‘తెలుగు’ అని రాయడానికి అందులోనూ ఆరు మీటలే, ఇంగ్లీషు అక్షరాల్లోనూ ఆరే. తేడా వేరే చోట ఉంది. మా అమ్మకి తెలుగు చక్కగా చదవడం, రాయడం వచ్చు. ఇంగ్లీషు రాదు. ఫోన్ కొనిచ్చి, అందులో నేను పెట్టిచ్చింది ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు కొట్టే కీబోర్డ్. రెండేళ్లుగా అమ్మ వాయిస్ మెసేజ్‌లే పంపిస్తోంది. మాట్లాడటం ఇష్టమేమో అనుకున్నాను. తెలుగు రాయడానికి ముందు ఇంగ్లీషు నేర్చుకోమని మా అమ్మకి చెప్పింది ఏ కంపెనీయో కాదు, నేనే.

కీబోర్డ్ సంగతి తేలిగ్గానే తేలింది. ఫర్మ్‌వేర్‌లో తెలుగుకి ఒక లేయర్ రాసుకున్నాను. ట్యాబ్ స్థానంలో ‘ఒ’ ఉన్న మీట, ‘జ’ పక్కన తన సొంత చోట్లో ‘డ’, బ్యాక్‌స్పేస్ బొటనవేలి కిందకి. పది నిమిషాలు కూడా పట్టలేదు. అందుకే సాంకేతిక సమస్యలని ఎవరైనా అంటే ఇక నమ్మను. అడిగినవాళ్లు లేరు, అంతే.

మొన్న ఊరెళ్లినప్పుడు అమ్మ ఫోన్‌లో అచ్చ తెలుగు కీబోర్డ్ పెట్టి వచ్చాను. నిన్న తన నుంచి మొదటి టెక్స్ట్ మెసేజ్ వచ్చింది: ‘ఎప్పుడు వస్తావు’. అందులో ‘డు’ ఉంది.